వేదిక మీద బతికినవారు, తెర మీద మిగిలినవారు: ఏప్రిల్ 16న పిల్లలకు ఎవరి గురించి చెప్పాలి?

నాటక_విద్యార్థి

అందరికీ నమస్కారం. ఏప్రిల్ 16 తెలుగు నాటకరంగ దినోత్సవం. విశాఖ ఎం.వి.పి. కాలనీలో మా వీధి గ్రంథాలయంలో ఆ సాయంత్రం ఒక కార్యక్రమం పెట్టుకున్నాం. నటుల జీవితాలు చెబుతూ, మధ్యలో బడిపిల్లలతో చిన్న ఘట్టాలు ఆడించాలని ఆలోచన. పేర్లు రాసి ఇమ్మని పిల్లలను అడిగాను. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్, సావిత్రి, ఆ తర్వాత ఈతరం హీరోలు. అన్నీ సినిమా పేర్లే. పిల్లల తప్పేమీ లేదు, వాళ్లకు కనిపించేది తెర ఒక్కటే.

1848లో కందుకూరి వీరేశలింగం పుట్టిన రోజు కాబట్టి ఈ తేదీని నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. 1946లో రంగస్థల నటుడు బళ్లారి రాఘవ కన్నుమూసింది కూడా ఇదే తేదీన. కనీసం ఆయన పేరు లేకుండా ఆ సాయంత్రం గడిచిపోకూడదని నా పట్టుదల. ఎవరెవరి గురించి చెప్పాలో, ఏ ఘట్టం ఆడిస్తే బాగుంటుందో పెద్దలు చెప్పండి.

వన్‌టౌన్_వాసి

మంచి పని తలపెట్టారు. కానీ సినిమా పేర్లు చూసి అంత బాధపడనవసరం లేదండీ. ఆ నలుగురూ నాటకం లోంచి వచ్చినవారే. ఏఎన్నార్ చిన్నతనంలో ఆడవేషాలు కట్టి పేరు తెచ్చుకున్నారు. విజయవాడ రైల్వేస్టేషన్లో ఆయనను చూసి ఘంటసాల బలరామయ్య ‘సీతారామ జననం’లో రాముడి వేషం ఇచ్చారు, 1944 సినిమా అది. ఎన్టీఆర్ కాలేజీలో విశ్వనాథ సత్యనారాయణ నాటకంలో ఆడవేషం కట్టవలసి వస్తే మీసం తియ్యనని భీష్మించి, మీసంతోనే నాగమ్మగా వేదిక ఎక్కారు. పిల్లలకు ఇలాంటివి చెబితే కళ్లు ఇంతింత చేసుకుని వింటారు.

ఎస్వీ రంగారావు సంగతి మన ప్రాంతానికి మరీ దగ్గర. సినిమాల్లోకి రాకముందు బందరులోనూ మన విజయనగరంలోనూ అగ్నిమాపక శాఖలో అధికారిగా పనిచేశారు. ఉద్యోగం వదిలి 1946లో ‘వరూధిని’లో నటిస్తే అది ఆడలేదు. మళ్లీ పొట్టకూటికి జంషెడ్‌పూర్ వెళ్లి టాటా ఉక్కు కర్మాగారంలో చేరారు. తిరిగి వచ్చాక ‘షావుకారు’లో సున్నం రంగడు, ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు. ‘నర్తనశాల’ కీచకుడికి జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి. తొలి సినిమా పోయాక ఆయన ఆ కర్మాగారంలోనే ఉండిపోయి ఉంటే మనకు ‘మాయాబజార్’ ఘటోత్కచుడు ఉండేవాడా? పదో తరగతి తప్పిన పిల్లవాడికి ఈ కథ చెప్పండి.

హార్మోనియం_మాస్టారు

నాటకం గొప్పతనం చెప్పాలంటే అందులోంచి సినిమాకు వెళ్లినవారిని చూపించడం దేనికి? వెళ్లనివారిని చూపించండి. వారిని పిల్లలు ఇంకెక్కడా చూడలేరు.

మన ఉత్తరాంధ్రలో పుట్టిన పీసపాటి నరసింహమూర్తి పేరు మీ జాబితాలో మొదట ఉండాలి. 1920లో పుట్టి 2007లో వెళ్లిపోయారు. తిరుపతి వేంకట కవుల పద్యనాటకాలు పాండవోద్యోగ విజయాలలో శ్రీకృష్ణుడంటే ఆయనే. అప్పట్లో పద్యం అంటే రాగం. ఒక పద్యానికి పది నిమిషాలు ఆలాపన సాగేది, జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ మొదటికి వచ్చేవారు. ఈ మధ్యలో రాయబారం మాట ఎవరికి గుర్తుంటుంది? పీసపాటి వారు రాగాన్ని తగ్గించి భావానికి పీట వేశారు. కృష్ణుడు కౌరవ సభకు పాడటానికి రాలేదు, మాట్లాడటానికి వచ్చాడు. ‘జెండాపై కపిరాజు’ పద్యాన్ని దుర్యోధనుడి కళ్లలోకి చూస్తూ చెబుతుంటే, ఆ రథం, ఆ గుర్రాలు, కళ్లెం పట్టిన చెయ్యి వరసగా మన ముందుకు వచ్చేవి. చివరి పాదానికి వచ్చేసరికి గొంతు పెంచవలసిన అవసరమే ఉండేది కాదు. నేను హార్మోనియం మీద శృతి మాత్రం నొక్కి పట్టుకుని అలా ఉండిపోయేవాడిని. ఆయన ఎక్కడ విరుస్తారో, ఎక్కడ ఊపిరి తీసుకుంటారో చూడటమే నాకు పాఠం.

ఈలపాట రఘురామయ్య, షణ్ముఖి ఆంజనేయరాజు కూడా కృష్ణులే. వారి దారి వేరు. రఘురామయ్య గారు పద్యం మధ్యలో నోట్లో వేలు పెట్టి ఈల అందుకుంటే హాలు ఊగిపోయేది. అది సంగీతం, ఇది సంభాషణ. రెండూ కావాలి, కానీ పిల్లలకు ముందు నేర్పవలసింది పీసపాటి పద్ధతి అని నా అభిప్రాయం. పద్యం అంటే భయపడే పిల్లలు, అది మాటే అని తెలిస్తే దగ్గరకు వస్తారు.

విజయనగరం_కోట

మాస్టారి మాటకు నా మద్దతు. ఇంకో మాట కలుపుతాను. విశాఖలో నాటకం గురించి మాట్లాడుతూ కన్యాశుల్కం వదిలేస్తారా? 1892లో మా విజయనగరంలో తొలిసారి ఆడారు, 1897లో అచ్చయింది, ఇప్పుడు మనం చదువుతున్న పెద్ద రూపం 1909 నాటిది. ఆ నాటకం చేతిలో పడ్డ నటులందరినీ వరసగా నిలబెడితే అదే ఒక చరిత్ర.

సోమయాజులు, రమణమూర్తి అన్నదమ్ములను తీసుకోండి. శ్రీకాకుళం జిల్లాలో పుట్టినవారు. అన్న రామప్పపంతులు, తమ్ముడు గిరీశం. దశాబ్దాల పాటు ఊరూరా ఆడారు. లోకానికి జె.వి. సోమయాజులు అంటే 1980 నాటి ‘శంకరాభరణం’ శంకరశాస్త్రి. ఆ పవిత్రమైన ముఖం చూసినవాళ్లకు, అదే మనిషి రామప్పపంతులుగా ఎంత లౌక్యం, ఎంత కోతలరాయుడితనం ఒలికించేవారో చెబితే నమ్మరు. అప్పుడాయన రెవెన్యూ శాఖలో ఉద్యోగి, డిప్యూటీ కలెక్టర్ దాకా ఎదిగారు. పగలు దస్త్రాలు, రాత్రి రిహార్సలు. శంకరశాస్త్రి తెర మీద మాట్లాడకుండా నిలబడిన చోట్ల మనం చూసిన ఆ నిబ్బరం ఒక్క సినిమాతో రాలేదు. అన్నేళ్లు వేదిక మీద ఎదుటివాడి మాట పూర్తిగా వినడం అలవాటైన మనిషికి వచ్చే నిబ్బరం అది.

రమణమూర్తి గారి గిరీశం నేను చూశాను. చుట్ట పట్టుకున్న చేతి మీదే నా దృష్టంతా ఉండిపోయింది. అబద్ధం చెప్పేటప్పుడు ఆ చెయ్యి గాలిలో తిరుగుతుంది. అబద్ధం అతికిందని తెలియగానే చుట్ట నోటి దగ్గరకు వెళ్లి ఆగుతుంది. మాట కంటే ముందే మనకు సంగతి అర్థమవుతుంది. పి. పుల్లయ్య తీసిన 1955 సినిమాలో ఎన్టీఆర్ గిరీశం, సావిత్రి మధురవాణి, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు. దాని మీద నాకు గౌరవం ఉంది, గోవిందరాజుల వారి ముసలి లోభి నిజంగా గొప్పది. అయినా గిరీశం మాత్రం నాకు వేదిక మీదివాడే.

మద్దిలపాలెం_టీచర్

ఇంతవరకు అందరూ మగవాళ్ల గురించే రాశారు. సావిత్రి పేరు వచ్చింది, అదీ జాబితాలో మాత్రమే. నా తరగతిలో సగం మంది ఆడపిల్లలు. వాళ్లకు ఎవరి కథ చెబుతారు?

సురభి కమలాబాయి కథ చెప్పండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ఆడినప్పటి నుంచి ఆ కుటుంబాలకు నాటకమే జీవనం. మగవాళ్లు ఆడవేషాలు కట్టే రోజుల్లో వారి ఆడవాళ్లు స్వయంగా వేషం కట్టారు. కమలాబాయి తల్లి నిండు గర్భిణిగా దమయంతి వేషంలో ఉండగా వేదిక మీదే నొప్పులు వచ్చి బిడ్డ పుట్టిందని, ప్రేక్షకులు అదీ నాటకంలో భాగమే అనుకున్నారని సురభి వారు చెప్పుకుంటారు. ఆ బిడ్డే 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి. అంటే తెలుగు తెర మీద మాట్లాడిన మొదటి కథానాయిక గ్రీన్‌రూములో పెరిగిన మనిషి. ఈ ఒక్క వాక్యం మా పిల్లలకు చాలు.

బళ్లారి రాఘవ గారి పేరు మొదటి పోస్టులోనే వచ్చింది, సంతోషం. కానీ ఆయనను మహానటుడు అని ఊరుకోవద్దు. వృత్తి న్యాయవాది. వేదిక మీద స్త్రీ పాత్రను స్త్రీయే వెయ్యాలని పట్టుబట్టి, గౌరవ కుటుంబాల ఆడవాళ్లను నాటకంలోకి రమ్మని బహిరంగంగా పిలిచిన మనిషి. కొమ్మూరి పద్మావతీదేవి అలా ఆయన పక్కన వేదిక ఎక్కారు. ఆ తర్వాత ఇద్దరూ 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’లోనూ నటించారు. ఆ రోజుల్లో ఒక ఇల్లాలు ముఖానికి రంగు వేసుకుంటే ఇరుగుపొరుగు ఏమనేవారో మీకు చెప్పనక్కర్లేదు. రాఘవ గారి నటనకు ఎంత ధైర్యం కావాలో, పద్మావతీదేవి గారి మొదటి అడుగుకు అంతకంటే ఎక్కువ కావాలి.

హార్మోనియం_మాస్టారు

టీచర్ గారూ, మీరు చెప్పినది అక్షరసత్యం. అయితే ఆడవేషం కట్టిన మగవారిని ఆ లెక్కలో పక్కన పెట్టవద్దని మనవి. స్థానం నరసింహారావు గారిది కూడా సాధనే. 1902లో బాపట్లలో పుట్టారు. సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి. ఒక్కో పాత్రకు ఒక్కో నడక, ఒక్కో చీరకట్టు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో ‘మీరజాలగలడా’ పాట ఆయనే రాసుకుని ఆయనే పాడేవారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. 1939లో ‘రాధాకృష్ణ’ సినిమాలో నటించినా తెర ఆయనను నిలుపుకోలేదు. 1966 ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాలో జమున సత్యభామగా అదే పాటకు అభినయిస్తుంటే చూశారు కదా, ఆ పాట అక్కడికి వేదిక మీదనుంచే నడిచివచ్చింది. మన పల్లెల్లో తూర్పు భాగవతం భామ, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ భామ, స్థానం వారి భామ, జమున భామ. ఒకే సత్యభామ ఎన్ని ఒంట్లలో తిరిగిందో చూడండి.

మద్దిలపాలెం_టీచర్

స్థానం వారి ప్రతిభను నేను కాదనడం లేదు మాస్టారూ. ఆడవాళ్లకు వేదిక మూసి ఉన్నప్పుడు ఆయన ఆ పాత్రలను అంత నిండుగా నిలబెట్టారు. కానీ ఆ తలుపు ఎందుకు మూసి ఉందో కూడా పిల్లలకు చెప్పాలి. రెండూ పక్కపక్కనే చెబితేనే రాఘవ గారి పోరాటం అర్థమవుతుంది.

ఇంకొకటి. మీ సత్యభామ మాట చదువుతుంటే నాకు ‘మాయాబజార్’ సావిత్రి గుర్తొచ్చింది. ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారిపోయాక, ఆ శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుణ్ణి ఆడింది సావిత్రి. అంటే ఒక ఆడది, ఆడవేషంలో ఉన్న మగవాణ్ణి ఆడుతోంది. ఎవరైనా వస్తే సిగ్గుగా తల వంచుతుంది, వాళ్లు అటు తిరగగానే భుజాలు విచ్చుకుంటాయి, నడుము మీద చెయ్యి పడుతుంది, నడకలో బరువు వస్తుంది. ఎస్వీఆర్ నడకను ఆమె ఎంత శ్రద్ధగా చూసి ఉండాలి! ముఖం శశిరేఖదే, ఒళ్లు మాత్రం రాక్షసుడిది. అప్పటికి ఆమెకు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. సావిత్రి అంటే జనం ఆమె చివరి రోజుల కష్టాలు, కోమాలో గడిచిన నెలలు, 1981లో మరణం, వాటి గురించే మాట్లాడతారు. నాకు చాలా కోపం వస్తుంది. పిల్లలకు ఆమె పని చూపించండి. ఆ ఒక్క ఘట్టం తెర మీద వేసి చూపించి, మా ఆడపిల్లలతో అదే ఆడించండి.

వన్‌టౌన్_వాసి

టీచర్ గారి పోస్టు చదివి ఆ ఘట్టం మళ్లీ చూశాను. నిజమే. కళ్లు కూడా మారిపోతాయి. అన్నట్టు ఆ సినిమా విడుదలైంది 1957 మార్చి 27న. తర్వాతి కాలంలో మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం అయింది. మీ సాయంత్రంలో ఆ ఘట్టానికి చోటు దొరికితే నాకు చాలా ఆనందం.

పోర్టు_విశ్రాంత_ఉద్యోగి

చాలా పెద్దపెద్ద పేర్లు వచ్చాయి. విశాఖలో జరిగే కార్యక్రమంలో విశాఖ మనుషులు ఉండాలని నా కోరిక.

కళ్ళు చిదంబరం మాతో పాటు పోర్టులో ఉద్యోగం చేసినవారే. ఈ ఊరివారే, 2015లో ఈ ఊళ్లోనే పోయారు. ‘కళ్ళు’ గొల్లపూడి మారుతీరావు రాసిన నాటకం. గుడ్డి బిచ్చగాళ్ల గుంపులో ఒకడికి చూపు తెప్పించాలని అందరూ కూడబెడతారు, చూపు వచ్చాక వాడు ఏమవుతాడన్నది కథ. ఛాయాగ్రాహకుడు ఎం.వి. రఘు దాన్ని 1988లో సినిమా తీశారు. ఆ సినిమా పేరే చిదంబరానికి ఇంటిపేరైపోయింది. తర్వాత సినిమాల్లో జనం ఆయనను చూసి నవ్వారు. కానీ ఆ మొదటి పాత్ర చూసినవారు నవ్వరు. నవ్వించే నటుడని ముద్ర పడ్డవారిలో ఎంత బరువు ఉంటుందో దానిలో తెలుస్తుంది.

గొల్లపూడి గారు విజయనగరంలో పుట్టినా పెరిగింది, చదివింది విశాఖలో. ఎ.వి.ఎన్. కాలేజీ, ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం. విశ్వవిద్యాలయంలో నాటకానికి నీళ్లు పోసిన మనిషి రిజిస్ట్రారు కూర్మా వేణుగోపాలస్వామి. గొల్లపూడి ఆయన చేతికింద తయారైనవారే. రచయితగా, పత్రికల్లో, రేడియోలో ఎన్నో ఏళ్లు గడిచాక 1982లో ‘ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య’తో నటుడయ్యారు. అప్పటికి నలభై దాటాయి. 1992లో వాళ్ల అబ్బాయి తన తొలి సినిమాకు దర్శకత్వం వహిస్తూ ఇదే విశాఖ సముద్రంలో మునిగి చనిపోయాడు. ఆ తర్వాత తండ్రి కొడుకు పేరుతో ఏటా ఒక కొత్త దర్శకుడికి బహుమతి ఇస్తూ వచ్చారు. బీచ్ రోడ్డులో నడిచేటప్పుడు నాకు ఇది గుర్తు రాకుండా ఉండదు.

సుత్తి వేలు గారు కూడా విశాఖలో ఉద్యోగం చేస్తూ నాటకాలు ఆడినవారే. జంధ్యాల 1981లో ‘ముద్దమందారం’తో తెరకు తెచ్చారు. ‘ప్రతిఘటన’లో ఆయన్ను చూడండి, హాస్యం పేరు ఒక మనిషిని ఎంత చిన్నగా చూపిస్తుందో అర్థమవుతుంది.

గాజువాక_రంగం

పోర్టు బాబాయి గారి పోస్టుతో నాకు ఒక విషయం స్పష్టమైంది. రాఘవ న్యాయవాది. సోమయాజులు రెవెన్యూ. రంగారావు అగ్నిమాపక శాఖ. చిదంబరం పోర్టు. కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకు. తెలుగు నాటకాన్ని సురభి లాంటి సమాజాలు ఒక భుజాన మోస్తే, రెండో భుజం ఉద్యోగస్థులది. నెల జీతం ఇంటికి, రాత్రి గొంతు నాటకానికి.

నేను ఉక్కు కర్మాగారంలో షిఫ్టు దిగి నాటక పరిషత్తు పోటీలకు వెళ్తాను. ఆ వెళ్లే బృందాలు ఎలా వెళ్తాయో పిల్లలకు చెప్పండి. రైల్లో సెట్టు సామాను, ఒక గోనెసంచిలో దుస్తులు. దిగిన ఊళ్లో ఏదో బడి గదిలో మేకప్. బెంచీ మీద చిన్న అద్దం నిలబెట్టి, గమ్ రాసి క్రేపు మీసం అతికించి, ఆరేదాకా నవ్వకూడదు. పక్కన ఒకడు డైలాగు వల్లిస్తుంటాడు, ఇంకొకడు లైట్లవాడికి ఎక్కడ వెలుగు తగ్గించాలో చేతులతో చూపిస్తుంటాడు. ఆడేది గంట. ఆ గంటలో తడబడితే రెండో టేకు లేదు. బహుమతి సొమ్ము దారిఖర్చుకు కూడా చాలదు. మరుసటి రోజు మళ్లీ షిఫ్టు. పెద్ద నటుల కథల్లో పురస్కారాలు చెబుతారు, ఈ రాత్రుల గురించి చెప్పరు. సోమయాజులు గారు కూడా ఇలాంటి రాత్రుల్లోంచే వచ్చారు.

నాటక_విద్యార్థి

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ నమస్కారాలు. మీరు రాసినవన్నీ అచ్చు తీసి మా పిల్లలకు చదివి వినిపించాను. గాజువాక అన్నయ్య పోస్టు దగ్గర ఒక కుర్రాడు అడిగాడు: “డబ్బు రాదు, సినిమా రాదు, మరి ఎందుకు ఆడేవారు?” నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్ననే ఆ సాయంత్రం మొదట అడగమని అతనికే అప్పగించాను. పోర్టు మాస్టారూ, గాజువాక అన్నయ్యా, మీరిద్దరూ వచ్చి అతనికి జవాబు చెప్పాలి.

ఘట్టాలు మూడు అనుకున్నాం: పాండవోద్యోగంలో కృష్ణుడి పద్యం ఒకటి, మాయాశశిరేఖ, కన్యాశుల్కంలో గిరీశం. నటుల్లో రాఘవ, పద్మావతీదేవి, కమలాబాయి, స్థానం, పీసపాటి, సోమయాజులు సోదరులు, సావిత్రి, గొల్లపూడి, చిదంబరం. వన్‌టౌన్ గారూ, ఎస్వీఆర్ జంషెడ్‌పూర్ కథ మీరే చెప్పండి, మీ నోటితోనే బాగుంటుంది.

రెండు సందేహాలు. పద్యం చెప్పే పిల్లవాడికి పన్నెండేళ్లు, శృతి ఎంత పెట్టాలి? గిరీశం వేసే అబ్బాయి ప్రతి మాటకూ నవ్వించాలని చూస్తున్నాడు. ఎలా ఆపాలి?

హార్మోనియం_మాస్టారు

శృతి ఇప్పుడే నిర్ణయించకండి. ముందు పద్యాన్ని మామూలు మాటలా పదిసార్లు చెప్పించండి, ఎవరిని ఉద్దేశించి చెబుతున్నాడో ఎదురుగా ఒకరిని కూర్చోబెట్టి. మాట కుదిరాక వాడి గొంతు ఎక్కడ హాయిగా నిలబడుతుందో అదే శృతి. ఆదివారం పెట్టె తీసుకుని నేనే వస్తాను.

విజయనగరం_కోట

గిరీశానికి తాను చెప్పేది అబద్ధమని ఒక్క క్షణం కూడా అనిపించదు. ఆ అబ్బాయికి ఈ మాట చెప్పండి: వెంకటేశం నమ్మాలి, ప్రేక్షకులు కాదు. హాలు వైపు చూడకుండా మొత్తం ఘట్టం వెంకటేశం ముఖం చూస్తూనే ఆడమనండి. చేతికి చుట్ట ఇవ్వకండి, చిన్న పుల్ల ఇవ్వండి. మాట అతికినప్పుడల్లా ఆ చెయ్యి ఆగాలి. నవ్వు దానంతట అదే వస్తుంది. వెంకటేశం వేసే పిల్లవాణ్ణి మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి, సగం గిరీశం వాడి చేతిలోనే ఉన్నాడు.